అడుగున పెట్టిన బొట్టు

నేను ఒక స్కీని. మంచు మీద జారడానికి బూటు కింద బిగించుకునే పొడవాటి పలకనన్నమాట. యూరప్‌లో ఒక కర్మాగారంలో చెక్కా, ఉక్కు అంచులూ కలిపి నన్నూ నా జోడునూ తయారుచేశారు. చెప్పుల్లాగే మాకూ విడిగా బతుకు లేదు. మనుషులు కొండ ఎక్కడానికి నానా అవస్థలూ పడతారని విన్నాను. నాకు దొరికినవాళ్ళు మాత్రం దిగడానికి పందేలు వేసుకునేవాళ్ళు.

హిమాలయాల్లో సైనికుల స్కీ శిక్షణ కేంద్రానికి చేరాను. అక్కడి శిక్షకుడు హవల్దార్ తవిటయ్యది శ్రీకాకుళం. సముద్రపు ఒడ్డున పుట్టినవాడికి మంచులో ఉద్యోగమే విచిత్రమనుకుంటే, ఆయన కూతురు హైమ నడకా జారుడూ కలిపే నేర్చిందట. ఆ పిల్లకు భయమంటే ఏమిటో ఎవరూ చెప్పలేదని నన్ను తొడుక్కున్న మొదటి రోజే తెలిసిపోయింది. మలుపు దగ్గర అందరూ వేగం తగ్గిస్తే తను ఇంకా వంగేది. కొండవాలున కిందికి జారే డౌన్‌హిల్ పందెంలో దేశం మొత్తానికి ఆడవాళ్ళలో ఛాంపియన్ ఏటేటా తనే. కొంచెం గర్వం నాకూ ఉండేది, దాచుకోను.

పందెం ముందు తవిటయ్య మంచును అరచేతిలో నలిపి చూసి, తగిన మైనం ఎంచి, ఇస్త్రీపెట్టెతో కరిగించి మా అడుగున పూసేవాడు. ఆ నునుపు మీదే మా పరుగంతా. చిన్న మరక పడినా వేగం చచ్చిపోతుంది. పూత చెడకుండా మా ఇద్దరి అడుగుభాగాలనూ ఎదురెదురుగా చేర్చి పట్టీతో కట్టేవాడు.

ప్రపంచ పోటీలకు వెళ్ళే జట్టులో ఆడవాళ్ళకు ఒకే ఒక్క చోటు. దానికోసం ఆఖరి పందెం. ఆ ఉదయం తండ్రీకూతుళ్ళు టీ తాగుతుండగా హైమ తల్లి అసిరమ్మ మా దగ్గరికొచ్చింది. బండికైనా కొడవలికైనా బొట్టు పెట్టందే పనికి పంపని మనిషి. పైన పెడదామంటే కూతురి కాలు పడుతుంది, కుంకుమ తొక్కడం పాపం. అందుకని పట్టీ విప్పి, తడిపిన పసుపు మా అడుగున శ్రద్ధగా రాసి, కుంకుమ అద్ది, దండం పెట్టుకుని మళ్ళీ కట్టేసింది. నాకు నోరుంటే బతిమాలుకునేదాన్ని.

పట్టీ విప్పి మంచు మీద పెట్టే తొందరలో మా అడుగు ఎవరూ చూడలేదు. హైమ ఎప్పటిలాగే దూకింది. నిటారు వాలులో ఎలాగో లాక్కొచ్చాను. చదునుగా ఉన్నచోట మాత్రం మంచు నన్ను పట్టుకుని వదల్లేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. రెప్పపాటు తేడాతో చోటు ఇంకో అమ్మాయికి పోయింది.

గీత దాటాక హైమ నన్ను తిప్పి చూసింది. పసుపు మరకలు కనిపించాయి. ఎవరి పనో తెలిసిపోయి, తండ్రి కంట పడకుండా గబగబా చేతితొడుగుతో తుడిచేసింది. అంతలో తవిటయ్య పరుగెత్తుకొచ్చాడు.

"మైనం తప్పు రాసీసినానేటే?"

"నీ మైనం బాగానే ఉంది నానా. నాకే భయమేసింది. కాళ్ళు బిగిసిపోనాయి."

పక్కనే ఉన్న సెలెక్టర్లు ఆ మాట విన్నారు. భయపడే పిల్లకు మళ్ళీ అవకాశం ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. తనూ మాట మార్చలేదు. ఆ పందెంతోనే హైమ ఆట ముగిసింది.

ఇప్పుడు నేను అదే కేంద్రంలో గాజు అలమరలో ఉన్నాను. గొప్ప ఛాంపియనే గానీ చివర్లో భయపడిపోయిందని చూడవచ్చినవాళ్ళకు చెబుతుంటారు. విన్నప్పుడల్లా అద్దం బద్దలుకొట్టాలనిపిస్తుంది. మొన్న అసిరమ్మ వచ్చింది, పక్కన హైమ. ఆ మాట విని ముసలామె నవ్వింది.

"భయపడితే పడింది బాబూ. ఆ పొద్దు నాను బొట్టెట్టబట్టే నా కూతురు గుంట కాలూ సెయ్యీ బాగుండి ఇంటికొచ్చింది."

హైమ నావైపు చూడలేదు. "అవునమ్మా, నీ బొట్టే నన్ను కాసింది" అని, తల్లి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా మెట్లు దింపింది.