ఉడుమును తవ్విందెవరు?

"తినండ్రా, తినండి! నా పొయ్యి దగ్గర తిండికి లోటేంటి!" అన్నాడు జపనంగ, కాల్చిన ఉడుమును ముక్కలు చేసి స్నేహితులకు పంచుతూ.

అతని భార్య నపురుర్ల పక్కనే కూర్చుని తుమ్మగింజలు నూరుతోంది. ఆ ఉడుము కోసం పొద్దున్నుంచీ ముళ్ళగడ్డిలో ఎంత తిరిగిందో ఆమె కాళ్ళకే తెలుసు. ఇసుకలో తోక ఈడ్చిన గీతను పట్టుకుని వెళ్ళింది. గీత మాయమైన చోట కర్రతో నేలను గుచ్చి గుచ్చి చూసింది. డొల్లగా మోగిన చోట భుజం లోతు తవ్వి, చెయ్యి పెట్టి, తోక దొరకబుచ్చుకుని లాగింది. ఆ డొల్ల చప్పుడును వినడం వాళ్ళమ్మ నేర్పింది, వాళ్ళమ్మకు అమ్మమ్మ. జపనంగ కంగారూ కొట్టుకొచ్చిన రోజు పండగే, కాదనదు. అతను ఈటె ఎత్తి గురి చూస్తే ఆమెకు ఇప్పటికీ ముచ్చటే. కానీ కంగారూ దొరకని రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో ఈ ఎర్రనేల మీద పిల్లల కడుపులు నింపేది ఆడవాళ్ళ తవ్వుడుకర్రలే.

పంచినందుకు ఆమెకు బాధలేదు. పంచకుండా తినేవాణ్ణి ఇక్కడ ఎవరూ మనిషిగా చూడరు. కాకపోతే తోకలోని కొవ్వు అత్త కోసమని అనుకుంది. పళ్ళు లేని ముసలామె, మెత్తగా ఉంటుందని. తన చేత్తో తీసుకెళ్ళి ఇవ్వాలనుకుంది. ఆ కాస్త గొప్పా అతనే లాగేసుకున్నాడు.

"చెల్లెమ్మ తవ్వి తెచ్చిందా?" అని స్నేహితుడొకడు అడిగాడు.

"ఆడవాళ్ళది కూడా వేటేనట్రా? బల్లుల్ని ఏరుకొస్తారు!" అని జపనంగ నవ్వాడు. "ఏమే, రొట్టె ఇంకా ఎంతసేపు?"

రాతి మీద ఆమె చెయ్యి ఆగింది. పిండిని చెక్కదోనెలోకి తోసుకుంది. దుప్పటి భుజాన వేసుకుంది. తను ఏరి తెచ్చిన కట్టెల్లోంచి మండుతున్న కొరివి ఒకటి తీసుకుని జిలిమి వైపు నడిచింది.

జిలిమి అంటే ఆడవాళ్ళ విడిది. భర్త పోయినవాళ్ళు, మొగుడితో విసిగినవాళ్ళు, ఊరికే నాలుగు రోజులు తోటివాళ్ళతో ఉందామనిపించినవాళ్ళు, ఎవరు దుప్పటి తెచ్చుకున్నా ఎందుకొచ్చావని అడగరు. ఎంతటి మొనగాడైనా అక్కడ అడుగుపెట్టడు. ఈ ఏర్పాటు చేసిన పెద్దమ్మలెవరో గానీ, వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి.

జపనంగ తల్లి నంపిజిన్ప, భర్త పోయినప్పటినుంచీ అక్కడే ఉంటోంది. కోడల్ని చూసి, కుక్కను అదిలించి తన దుప్పటి పక్కకు జరుపుకుంది.

"ఇటు పరుచుకోవే, గాలి కొట్టదు."

కాసేపటికి జపనంగ వచ్చాడు. మగాళ్ళు ఆగే చోటే ఆగాడు.

"అమ్మా! దాన్ని పంపించు. ఆకలేస్తోంది."

"ఉడుము ఉందిగా?"

"పంచేశాను."

"ఎవరు తవ్వార్రా దాన్ని?"

అతను కాలి వేళ్ళతో ఇసుకను కెలికాడు. "అదే..." అని గొణిగాడు.

"ముసలిదాన్ని, చెవులు సరిగా వినబడి చావవు. గట్టిగా చెప్పు!"

ఆడవాళ్ళందరూ పకపకా నవ్వారు. జపనంగ వెనక్కి చూశాడు. అతని పొయ్యి దగ్గర స్నేహితులు తినడం ఆపి ఇటే చూస్తున్నారు.

"నపురుర్ల తవ్వింది!" అని అరిచాడు. "సరేనా? నపురుర్లే తవ్వింది!"

పెళ్ళయినప్పటినుంచీ నపురుర్ల వినాలనుకున్న మాట. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి వెళ్తుందనే అతను అనుకున్నాడు, నిజానికి ఒక్క క్షణం ఆమె కూడా అలాగే అనుకుంది.

లేవలేదు. పిండి కలిపి, తన కొరివితో రాజేసిన నిప్పుల్లో రొట్టె కాల్చింది. మెత్తగా ఉన్న మధ్యముక్క తుంచి అత్త చేతిలో పెట్టింది. తర్వాత దుప్పటి పరుచుకుంది.