మరిది నొక్కిన అప్‌డేట్

పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది. వంతెనల నమూనాలు గీసే ఆ ఇంటి పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది. పదకొండింటికి ఇంజనీర్లకు నమూనా చూపించాలి.

"దీన్నెవరు ముట్టుకున్నారు?"

"నాకేం తెలుసు వదినా! గ్రాఫిక్స్ కార్డు పోయుంటుంది," అన్నాడు మరిది, పేపర్లోంచి తలెత్తకుండా.

కేబుళ్లన్నీ పీకి పెట్టి చూసింది. గంట గడిచింది. చివరికి పళ్లు నూరుతూ, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే జాబితాలో, సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లో పాతదాన్ని ఎంచుకుంది. తెర వెలిగింది. కార్డు నిక్షేపంలా ఉంది. ఎవరో ఈ కంప్యూటర్‌ని నడిపే లైనక్స్‌కి కొత్త కెర్నెల్ ఎక్కించారు. కార్డుని నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం దానితో పనిచెయ్యడం లేదు. ఏ మార్పు ఎప్పుడు జరిగిందో రాసుండే లాగ్ తెరిస్తే, నిన్న సాయంత్రం ఐదున్నర అని ఉంది.

"ఐదున్నరకి ఇంట్లో నువ్వొక్కడివేగా?"

మరిది పేపరు మడిచి పక్కన పెట్టాడు. "అప్‌డేట్ చెయ్యమని అదే అడిగింది వదినా."

"పాస్‌వర్డ్ కూడా అదే చెప్పిందా? నొక్కావని కాదు నా కోపం. నేను గంటసేపు చస్తుంటే చూస్తూ కూర్చున్నావే, అందుకు!"

ఆమె ముందు పాస్‌వర్డ్ మార్చి, ఆ తర్వాతే నమూనా తెరిచింది. పదకొండింటికి దాన్ని వివరిస్తున్నప్పుడు కూడా ఆమె గొంతులో వేడి చల్లారలేదు. ఇంజనీర్లు ఒక్క ప్రశ్నా వెయ్యకుండా ఒప్పేసుకున్నారు.