మా ఇంటి పీచు

నాకు నోరెక్కువ. సెలూన్ నడిపేవాడికి కత్తెర కన్నా ముందు నోరు ఆడాలి. లేకపోతే కుర్చీలో కూర్చున్నవాడు కునికిపాట్లు పడి చెవి తెగ్గోయించుకుంటాడు. వీధిలో అందరూ నన్ను గుండు మాస్టారు అంటారు. పెళ్ళికి ముందు నుంచీ నా తల నున్నగానే ఉంది. "అందరి తలలూ చూసేసరికి నా తల చూసుకునే తీరికెక్కడిదండీ?" అని నేనే జోకు వేసి, వాళ్ళకంటే ముందు నేనే నవ్వేవాణ్ణి.

నా జోకుల్లో బాగా పేలేది మా అమ్మాయి తల మీదది. దానికి పదిహేనేళ్ళు. ఉంగరాల జుట్టు. దువ్వితే అణగదు, జడ వేస్తే ఆగదు. మధ్యాహ్నం నాకు క్యారేజీ పట్టుకుని గుమ్మంలోకి రాగానే మొదలుపెట్టేవాణ్ణి. "చూశారా, మా ఇంట్లో గిన్నెలు తోమడానికి పీచు కొనక్కర్లేదు. దేవుడే ఇచ్చాడు!" కుర్చీల్లో వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. రెండో కుర్చీ దగ్గర పనిచేసే మా బావమరిది మాత్రం "ఊరుకో బావా" అనేవాడు. అమ్మాయి కూడా నవ్వేది. అదే నవ్వుతుంటే మధ్యలో వీడికేం నొప్పి అనుకునేవాణ్ణి.

ఆ జుట్టు ఎవరి పోలిక అని ఎవరైనా అడిగితే, మా ఆవిడ ముత్తవ్వది అనేవాణ్ణి. ఆ ముత్తవ్వని మా ఆవిడ కూడా చూడలేదు. కనీసం ఫోటో అయినా లేదు. ఎదురుచెప్పడానికి లేని మనిషి కదా, ఎంత మోపినా మోస్తుంది.

ఒకరోజు పొద్దున్న అమ్మాయి నా దగ్గరికొచ్చి నిలబడింది.

"నాన్నా, జుట్టు సాఫీ చేసే స్ట్రెయిట్‌నర్ కొనిపెట్టు. ఖరీదుది వద్దు. కానీ బాగా పనిచేయాలి."

"ఎందుకే ఇప్పుడు?"

"స్కూల్ వార్షికోత్సవంలో పిల్లల తరఫున నన్ను మాట్లాడమన్నారు."

"మాట్లాడ్డానికి నోరు కావాలి గానీ జుట్టుతో పనేంటే?"

"స్టేజీ ఎక్కితే అందరూ నా తలే చూస్తారు. ఇంక మాట ఎవరు వింటారు? మిషను దొరక్కపోతే నేను మాట్లాడనని టీచర్‌కి చెప్పేస్తా."

అది నోరు విప్పితే ఇంట్లో నేనే నోరు మూసుకుంటాను. నోటి విషయంలో అచ్చం నా కూతురు. అలాంటిది మాట్లాడనంటోంది. "నీ జుట్టుకేమే, బంగారంలా ఉంది" అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అనను? రోజూ పదిమందిలో దాన్ని పీచు అన్న నోరే కదా ఇది. "సరే, కొంటాలే" అన్నాను.

పేవ్‌మెంట్ మీద అమ్మేవాడి దగ్గర చవగ్గా ఒకటి దొరికింది. గులాబీ రంగు, మెరిసే డబ్బా. షాపు తెరవకముందు ప్లగ్గులో పెట్టి చూశాను. ఒక ప్లేటు పెనంలా కాలింది, రెండోది చల్లగా ఉంది. సరిగ్గా మూసుకుంటోందా లేదా అని నొక్కి చూస్తుంటే ప్లేటు ఊడి నా కుడిచేతి బొటనవేలి మీద పడింది. చవకబేరం చేతిని కాల్చింది. బొబ్బ చితికి, పుండై, నెల దాటినా మానలేదు.

అసలు గొడవ అక్కడ మొదలైంది. బొటనవేలు లేకపోతే కత్తి పట్టలేను. కత్తి పట్టకపోతే నా తల గీసుకోలేను. ఎడమచేత్తో గీసుకుంటే తల దోసకాయ ముక్కలవుతుంది. ఇంకో షాపుకు వెళ్తే వీధికంతా తెలుస్తుంది, బావమరిదికి తల అప్పగిస్తే ఇంటికంతా తెలుస్తుంది. ఏం తెలుస్తుందంటే, నాదీ ఉంగరాల జుట్టే.

చిన్నప్పుడు నన్ను పీచు అని పిలిచేవాళ్ళు. బళ్ళో బెంచీ మీద నా తలతో పలక తుడిచినట్టు ఆడేవాళ్ళు. పనిలో చేరి చేతికి కత్తి రాగానే నేను గీసిన మొదటి తల నాదే. నన్ను పెంచిన పెదనాన్న పోయాక నా జుట్టు సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. చిన్నప్పుడు నా జుట్టు సినిమా హీరోలా నుదుటి మీద పడేదని మా ఆవిడకు చెప్పాను. పాపం, నమ్మింది. కూతురు పుట్టి, తల నిండా ఉంగరాలు తిరిగినప్పుడు "మా వైపుదే అయ్యుంటుంది లెండి" అని తనే తల వంచుకుంది. నేను కిక్కురుమనలేదు.

అందుకని టోపీ పెట్టాను. తల మీద దద్దుర్లు లేచాయి, మందు రాశాను అన్నాను. ఇంట్లో, షాపులో, పడుకున్నా టోపీయే.

ఇక మిషను. సెలూన్ సామాన్లు అమ్మే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నా వేలికట్టు చూసి, కథ విని నవ్వింది. "ధర తక్కువైనా మంచివి ఉంటాయి మాస్టారూ. రంగు చూసి కొనకూడదు. రెండు ప్లేట్లూ సందు లేకుండా మూసుకోవాలి, వేడి తగ్గించి పెంచే మీట ఉండాలి. ఇంకో మాట, సాఫీ జుట్టు మీద పెడితే ప్రతి మిషనూ పనిచేసినట్టే కనబడుతుంది. ఎవరికి కొంటున్నారో వాళ్ళని తీసుకురండి."

మర్నాడు అమ్మాయిని తీసుకెళ్ళాను. ఆవిడ ఒక నల్ల మిషను వేడెక్కించి, చెవి వెనక ఒక్క పాయ తీసి మెల్లగా లాగింది. ఒక్కసారికే పాయ కర్రలా సాగి భుజం మీదుగా నడుం దాకా జారింది. "తల తడిసేదాకా ఇలాగే ఉంటుందమ్మా" అంది. ధర కూడా మాకు అందేదే. అమ్మాయి ఆ పాయని వేళ్ళతో పట్టుకుని అద్దంలో చూసుకుంటూ ఉండిపోయింది. దాని మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. నాకు సంతోషం కలగాల్సింది. ఆ అద్దంలోంచి చూపు తిప్పుకున్నాను.

"ఇంత ఒత్తైన ఉంగరాలు డబ్బు పోస్తే రావమ్మా. ఎవరి పోలిక?" అంది ఆవిడ.

అమ్మాయి నా వైపు చూసింది. టోపీ కింద నా తల దురద పెడుతోంది.

"వాళ్ళమ్మ ముత్తవ్వ పోలిక" అన్నాను. గురివింద గింజకైనా తన నలుపు తెలియదు. నాకు తెలిసి కూడా అలా అన్నాను.

తర్వాతి వారం, మధ్యాహ్నం బేరాలు పలచబడ్డ వేళ, నా కుర్చీలోనే చిన్న కునుకు తీశాను. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా అద్దంలో నా తల. టోపీ ఒళ్ళో పడి ఉంది. ఫ్యాను గాలికి చిన్నచిన్న ఉంగరాలు, తల నిండా. నా వెనక క్యారేజీతో అమ్మాయి. రెండో కుర్చీలో గడ్డం చేయించుకుంటున్న పెద్దాయన, చేతిలో కత్తి ఆగిపోయిన బావమరిది. అందరూ అద్దంలో నన్నే చూస్తున్నారు.

అమ్మాయి నా తల మీద చెయ్యి వేసింది. ఒక ఉంగరాన్ని లాగి వదిలింది. అది స్ప్రింగులా మళ్ళీ చుట్టుకుంది.

"మామయ్యా, చూశావా" అంది, నేను అనే గొంతుతోనే. "మనింట్లో రెండో పీచు కూడా ఉంది. ఇంక గిన్నెలు తోమడానికి లోటు లేదు."

పెద్దాయన సబ్బునురగ ఎగిరేలా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? నవ్వుతుంటే దవడలు నొప్పి పుట్టాయి, కళ్ళు మండాయి. అద్దంలో ఆ నవ్వు చూసి గుర్తుపట్టాను. ఇన్నేళ్ళూ గుమ్మంలో క్యారేజీ పట్టుకుని మా అమ్మాయి నవ్వింది ఈ నవ్వే. తల కొట్టేసినట్టయింది నాకు.

అది మాత్రం నవ్వలేదు. క్యారేజీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

"ఊరుకోమని ఎన్నిసార్లు చెప్పాను బావా" అన్నాడు బావమరిది. మళ్ళీ పెద్దాయన గడ్డం మీద కత్తి పెట్టాడు. ఇంకో నాలుగు అన్నా బాగుండేది.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడకు తెలిసిపోయింది. నా తల కేసి చాలాసేపు చూసింది. "పాపం, ఆ ముత్తవ్వని ఎంత తిట్టుకున్నానో. చచ్చి ఏ లోకాన ఉందో" అంది. నేను అమ్మాయి గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను.

"తప్పయిపోయిందే. నన్ను పీచు అన్నందుకు ఏడ్చినవాణ్ణి, నిన్ను అన్నాను. ఆ మిషను తిరిగి ఇచ్చేద్దామా?"

"ఎందుకు? బాగా పనిచేస్తోందిగా" అంది పుస్తకంలోంచి తలెత్తకుండా.

వార్షికోత్సవం నాటికి నా వేలు మానింది. కత్తి చేతిలోకి తీసుకుని అద్దం ముందు నిలబడ్డాను కూడా. మళ్ళీ డ్రాయర్లో పెట్టేశాను. టోపీ కూడా లేకుండా వెళ్ళి హాల్లో వెనక వరసలో కూర్చున్నాను. ఎవరైనా నవ్వుతారేమోనని నా చూపు అటూఇటూ పోతూనే ఉంది. ఈ వయసులో, ఈ నోరు పెట్టుకుని, ఒక్క గంట ఓర్చుకోలేకపోయాను. అది పదిహేనేళ్ళు ఓర్చుకుంది.

అమ్మాయి స్టేజీ ఎక్కింది. జుట్టు గీత గీసినట్టు నడుం దాకా పడుతోంది. ఒక్క వెంట్రుక లేవలేదు. ఎంత బాగా మాట్లాడిందో! హాలంతా చప్పట్లు. మిషను మంచిదే, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అంత మంచిది వెతికి తెచ్చింది నేనే. చప్పట్లు కొడుతూనే ఏడ్చాను.

పక్క సీట్లో ఆయన నా తడి కళ్ళు చూసి దగ్గరికి వంగాడు. "మీ అమ్మాయా?"

"అవునండీ."

ఆయన స్టేజీ వైపు చూసి, మళ్ళీ నా తల వైపు చూశాడు. "మీ పోలికే లేదే!"

ఈ మాట ఎవరైనా అంటే చాలని ఇన్నేళ్ళూ చూశాను. తీరా అన్నాక, చెయ్యి నా ఉంగరాల మీదికి పోయింది.

"రేపు అది తలంటుకుంటే తెలుస్తుందండీ."