నూకరత్నం చాలు కార్డు

నేను ఒక అట్టముక్కని. అరచేయంత ఉంటాను. ముందువైపు ఎర్రటి అరచెయ్యి బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో ‘చాలు’ అని రాసి ఉంటుంది. వెనకవైపు సంగతి తర్వాత చెబుతాను. నా బతుకులో జరిగిన అనర్థమంతా ఆ వెనకవైపు వల్లే జరిగింది. నాకన్నా గొప్ప మాటలు నిఘంటువులో వేలకు వేలున్నాయి, కాదనను. కానీ నన్ను పలికే మనిషి ఒక్కతే ఉంది, ఆ మనిషికి నేను తప్ప వేరే మాట లేదు. ఆ మాత్రం గర్వపడే హక్కు నాకుంది.

అనకాపల్లిలో ‘కరుణాంజలి’ అని ఒక సేవా సంస్థ ఉంది. మాట, నడక, తెలివి వయసుతో పాటు ఎదగని పిల్లలకు అది పగటి బడి. గేటు మీద బోర్డు మొదట్లో ‘మానసిక వికలాంగుల’ అని ఉండేదట. ఆ మాట బాగోలేదని కొన్నాళ్లకు ‘దివ్యాంగుల’ అని మార్చారు. అదీ పాతబడిందని ‘ప్రత్యేక ప్రతిభావంతుల’ అని రాయించారు. బోర్డు మాత్రం అదే కాబట్టి గౌరవం పెరిగిన కొద్దీ అక్షరాలు చిన్నవైపోయాయి. మాట మారినప్పుడల్లా పెయింటరు వచ్చాడు. బాత్‌రూము తలుపుకి గొళ్లెం పెట్టే మనిషి ఇంకా రాలేదు.

సంస్థ పెట్టినాయన భుజంగరావు గారు. చెడ్డవాడేం కాదు. మంచి ఉద్యోగం వదులుకుని, సొంత ఇల్లు రాసిచ్చి ఈ బడి పెట్టాడు. అయితే ఇరవై ఏళ్లుగా దాతల ముందు చేతులు కట్టుకుని నిలబడి నిలబడి, ఫోటోలో పడని వస్తువేదీ ఆయన కంటికి ఆనకుండా పోయింది. మాట రాని పిల్లలకు బొమ్మల కార్డులు చేసుకుంటాను, మందపాటి అట్ట, లామినేషనూ ఇప్పించండని సుగుణ టీచరు అడిగితే ఆయన నిజంగానే దిగులుపడ్డాడు. అట్టముక్కలు ఇచ్చిన దాత ఎక్కడ నిలబడి ఫోటో దిగుతాడన్నది ఆయన సందేహం.

సుగుణ టీచరు ఇంకోమాట అడగలేదు. స్టోరు రూములో భుజంగరావు గారి అమ్మాయి పెళ్లి శుభలేఖలు ఒక కట్ట మిగిలిపోయి ఉంది. దళసరి అట్ట, బంగారు రంగు అచ్చు. ఆ కట్ట విప్పి, కత్తెరతో ముక్కలు చేసి, ఖాళీవైపు బొమ్మలు వేసి, తన సొంత ఖర్చుతో జెరాక్సు షాపులో లామినేషన్ చేయించింది. నేను పుట్టింది అలాగే. అందుకే నా వెనకవైపు ఇప్పటికీ సగం వినాయకుడూ, ‘మీ రాక మాకెంతో సంతోషం’ అన్న బంగారు అక్షరాలూ ఉన్నాయి. ముందొక మాట, వెనకొక మాట పెట్టుకుని తిరగడం మనుషులకే చెల్లిందనుకునేవాణ్ణి. నా గతీ అదే అయింది.

నన్ను నూకరత్నం కోసం చేశారు. పదకొండేళ్ల పిల్ల. మాట లేదు. దాహమేస్తే ఆయా చెయ్యి పట్టుకుని కుండ దగ్గరికి లాక్కుపోయేది, ఆ వరకు ఇబ్బంది లేదు. కానీ గోల ఎక్కువైనా, తిండి ఎక్కువైనా, ఎవరైనా బుగ్గలు నిమిరినా ఇక వద్దని చెప్పే దారి దానికి తెలియదు. తన ఎడమ మణికట్టు తనే కొరుక్కునేది. కొరికి కొరికి అక్కడ పుండుపడి, చుట్టూ చర్మం మడమలా మొద్దుబారిపోయింది. వాళ్లమ్మ అప్పలకొండ ఆ పిల్లని పెళ్లికీ పేరంటానికీ తీసుకెళ్లడం ఎప్పుడో మానేసింది. బడికే రెండు బస్సులు మారి రావాలి. బస్సులో జనం, పిల్లని వదిలేసి తల్లి ముఖం చూసేవారట.

సుగుణ టీచరు నాలుగు నెలలు మరమరాలతో పాఠం చెప్పింది. పిల్ల నోట్లో మరమరాలు పెడుతుంది, పెడుతుంది, పిల్ల ముఖం తిప్పుకోగానే దాని చేత్తో నన్ను తీయించి తన చేతిలో పెట్టించుకుని చటుక్కున ఆపేస్తుంది. నన్ను ఇచ్చిన తర్వాత ఒక్క గింజ కూడా ఎక్కువ పెట్టకూడదు. ఇస్తే ఆగాలి. చదువంతా ఆ ఒక్క షరతు మీదే నిలబడి ఉంది. ఒక మంగళవారం నూకరత్నం ఎవరూ చెప్పకుండానే నన్ను తీసి టీచరు చేతిలో పెట్టింది. టీచరు ఆగింది. పిల్ల టీచరు ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు ఈ జన్మకి చాలు.

ఆ సాయంత్రం ఇంటి దగ్గర అన్నం తింటూ తల్లికీ ఇచ్చిందట. మర్నాడు అప్పలకొండ టీచరు ముందు నిలబడి కళ్లు తుడుచుకుంది. “పదకొండేళ్లకి నా పిల్ల నాతో ఒక మాటాడింది టీచరమ్మా. అది సాలన్న మాటే అయితేనేటి?” అంది. అప్పటినుంచి నన్ను పిన్నీసుతో పిల్ల గౌనుకి గుచ్చి పంపేది. మణికట్టు మీద పుండు రెండు నెలల్లో మానింది.

ఇక కరుణాంజలి ఆచారం గురించి చెప్పాలి. ఊళ్లో కాస్త కలిగినవాళ్లందరికీ పుట్టినరోజు ఈ పిల్లల మధ్య జరుపుకోవాలని కోరిక. ఒక శుక్రవారం మూడు కేకులు వచ్చాయి. పుట్టిందెవరో తెలియకుండానే పిల్లలు మూడుసార్లు పాట పాడి, మూడుసార్లు చప్పట్లు కొట్టారు. దాత తన చేత్తో ప్రతి పిల్ల నోట్లో కేకు పెట్టాలి, ఫోటోగ్రాఫరు తియ్యాలి. పాపం, పిల్లలకి ఆకలేస్తోందా అని అడిగినవాళ్లు లేరు. అడిగితే పుణ్యం తగ్గుతుందని భయం కాబోలు.

ఆ ఏడు బెల్లం వర్తకుడు జగ్గప్పారావు గారి షష్టిపూర్తి వచ్చింది. సంస్థకి ఒక వ్యాను ఇస్తారేమోనని చూచాయగా కబురు. వ్యాను వస్తే ఊళ్లనుంచి పిల్లలు బస్సులు మారకుండా రావచ్చు. రాలేక ఇంట్లో ఉండిపోయినవాళ్లు కూడా బడి ముఖం చూడవచ్చు. అంచేత భుజంగరావు గారు మూడు రోజులు నిద్రపోలేదు. ఆ రోజు కార్డులన్నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నారు. దాతల ముందు అట్టలు వేలాడుతుంటే బాగోదట. ఆ ఆర్డరు అప్పలకొండకి చేరలేదు. నేను యథాప్రకారం గౌను మీదే ఉన్నాను.

జగ్గప్పారావు గారు మైకు అందుకుని, బెల్లం దిమ్మలు మోసిన చిన్ననాటి కష్టాలతో మొదలుపెట్టారు. అరగంటకి ఆయన వయసు ఇరవై దాటలేదు. సౌండుబాక్సు సరిగ్గా నూకరత్నం పక్కనే ఉంది. పిల్ల చెవులు మూసుకుంది, ఊగింది, మణికట్టు నోటిదాకా తెచ్చుకుని ఆగింది. తర్వాత పిన్నీసు విప్పి, వేదిక ఎక్కి, నన్ను ఆయన చేతిలో పెట్టింది. ఇంత మర్యాదగా ఆ వేదిక మీద అంతవరకూ ఎవరూ ఏదీ అడగలేదు.

అయితే నేను వెనక్కి తిరిగి ఉన్నాను. ఆయన కంటికి కనబడినవి వినాయకుడూ, బంగారు అక్షరాలూ. ‘మీ రాక మాకెంతో సంతోషం.’ నోరులేని పిల్ల తన కోసం గ్రీటింగు కార్డు చేసి తెచ్చిందనుకున్నారాయన. గొంతు పూడుకుపోయింది. ఆ పూడుకున్న గొంతుతోనే ఇంకో పావుగంట మాట్లాడారు. ఆపైన కేకు ముక్క పిల్ల నోట్లో పెట్టారు. పిల్ల నన్ను వెతుక్కుని, ఆయన వేళ్ల మధ్యనుంచి లాగి, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టింది. ఆయన ఇంకా కరిగిపోయి రెండో ముక్క పెట్టి, నన్ను జేబులో వేసుకున్నారు. వ్యాను ఇస్తున్నట్టు అక్కడే ప్రకటించారు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లలో నూకరత్నం మణికట్టు కొరుక్కుంది. ఆయా అలవాటుగా కెమెరాకి అడ్డం నిలబడింది.

సుగుణ టీచరు పరుగున వెళ్లి నిజం చెప్పబోతే భుజంగరావు గారు పక్కకి తీసుకెళ్లారు. “అట్ట మళ్లీ కోసుకోవచ్చండి టీచరుగారూ. వ్యాను మళ్లీ రాదు” అన్నారు. నేను జగ్గప్పారావు గారి జేబులో కారెక్కి వెళ్లిపోయాను.

అట్ట నిజంగానే మళ్లీ కోశారు. ఆ సంగతి తర్వాత అప్పలకొండ నోట విన్నాను. అదే బొమ్మ, అవే అక్షరాలు. నూకరత్నం దాన్ని విసిరికొట్టింది. పదిసార్లు ఇస్తే పదిసార్లూ విసిరికొట్టింది. దానికి పోయింది అట్ట కాదు. ఇస్తే ఆగుతారన్న నమ్మకం పోయింది. ఆగనప్పుడు ఆ మాట దేనికి? పుండు మళ్లీ రేగింది. మొదలుపెట్టిన చోటికే వచ్చామని టీచరు అంటే, అప్పలకొండ ఒప్పుకోలేదు. అంతకన్నా వెనక్కి పోయామంది.

నేను మాత్రం వైభవంగా ఉన్నాను. జగ్గప్పారావు గారు నన్ను అద్దాల ఫ్రేములో కట్టించి, కొట్లో గల్లాపెట్టె పైన మేకుకి తగిలించారు. బంగారు అక్షరాలు బయటికి, చాలు గోడకి. పొద్దున్నే దేవుడితోపాటు నాకూ ఒక అగరొత్తి. రెండు నెలలు ఆ కొట్లో విన్నాను. ఆయనకి చాలు అని చెప్పినవాడు ఒక్కడూ లేడు. దళారీ, గుమస్తా, అల్లుడూ, చివరికి డాక్టరు కూడా ఆయన ఎంతసేపు మాట్లాడితే అంతసేపూ తలూపేవాళ్లే. ఆయన మీద నాకు కోపం కాస్త తగ్గి, జాలి పుట్టింది.

వ్యాను వచ్చింది. దాని ఒంటి మీద దాత పేరు ఎంత పెద్దదంటే, బడి పేరు నంబరు ప్లేటు పక్కన సర్దుకోవలసి వచ్చింది. ప్రారంభోత్సవానికి నన్ను కూడా తెచ్చి, సంస్థకి కానుకగా వేదిక మీద బల్లపై నిలబెట్టారు. జగ్గప్పారావు గారు తాళాలు చేతిలో పట్టుకుని, ఇవ్వబోయే ముందు రెండు ముక్కలు మాట్లాడతానన్నారు. మళ్లీ బెల్లం దిమ్మల దగ్గర మొదలైంది. కింద నూకరత్నం ఊగుతోంది.

అప్పలకొండ లేచింది. తాళాలు ఇంకా ఆయన చేతిలోనే ఉన్నాయని దానికి తెలుసు. వ్యాను రాకపోతే మొట్టమొదట రెండు బస్సులు మారవలసింది తనేనని కూడా తెలుసు. తిన్నగా వేదిక ఎక్కి, ఫ్రేము బోర్లించి, చేతిగాజుకి ఉన్న పిన్నీసు తీసి వెనక రేకులు ఒక్కొక్కటే వంచింది. భుజంగరావు గారు ఏదో అనబోయి, అందరూ చూస్తున్నారని నవ్వు పులుముకున్నారు. అప్పలకొండ నన్ను బయటికి తీసి, కిందికి దిగి పిల్ల చేతిలో పెట్టింది. పిల్ల నన్ను గుర్తుపట్టింది. కానీ కదల్లేదు. తల్లి చెయ్యి పట్టి నడిపించుకు వచ్చింది, మరమరాల రోజుల్లో టీచరు నడిపించినట్టే. నేను జగ్గప్పారావు గారి అరచేతిలో పడ్డాను.

“బాబూ, అది మీకు గ్రీటింగు కార్డు కాదు. ఎనక్కి తిప్పి సూడండి. నా పిల్ల సాలంతంది. ఆ పాలి మీరు ఆపలేదు, దానికున్న ఒక్క మాటా పోనాది. ఇప్పుడాపండి. మీరాపితేనే దానికి మల్లీ మాటొస్తాది” అంది అప్పలకొండ.

ఆయన నన్ను తిప్పారు. ఎర్రటి అరచెయ్యి, రెండక్షరాలు. రెండు నెలలు అగరొత్తి వెలిగించినాయన నన్ను మొదటిసారి చదివారు. ముఖం కందిపోయింది. వ్యాను ఇక వెళ్లిపోయినట్టేనని భుజంగరావు గారు కళ్లు మూసుకున్నారు. జగ్గప్పారావు గారు మొదలుపెట్టిన వాక్యం కూడా పూర్తి చెయ్యకుండా మైకు బల్ల మీద పెట్టేశారు. సౌండుబాక్సు ఆగిపోయింది. తాళాలు అప్పలకొండ చేతిలో పెట్టి, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు.

నూకరత్నం ఆయన ముఖంలోకి చూసింది. ఆ మంగళవారం టీచరు ముఖంలోకి చూసిన చూపే. తర్వాత ఆయన ఒళ్లోంచి నన్ను తీసుకుని, వచ్చి తన చోట కూర్చుంది. మణికట్టు ఒడిలోనే ఉంది.

అప్పుడు భుజంగరావు గారు వందన సమర్పణ కోసం మైకు అందుకున్నారు. ఆయన వందన సమర్పణ ఎంతసేపు సాగుతుందో ఆ బడిలో అందరికీ తెలుసు. పూజ్యులు, దానకర్ణులు అంటూ గొంతు సవరించుకున్నారు.

నూకరత్నం నన్ను చేత్తో పట్టుకుని లేచింది. ఈసారి తల్లి నడిపించలేదు.