బెల్టు చివర మరక

మిల్లు మూతపడ్డాక ఇరవై రెండేళ్ల చాకిరీకి మెకానిక్కు వాళ్ల బావ చేతిలో పడ్డ డబ్బు ఒకే ఒక్క కారుకు సరిపోతుంది. దాన్ని అద్దెకు తిప్పుకుని బతకాలి. కొత్తదా, పాతదా అన్న తగువుతో ఆ ఇంట్లో నెల రోజులుగా అన్నం కంచాల్లోనే చల్లారిపోతోంది.

"కొత్తదే కొను. సగం ఇప్పుడిచ్చి మిగతాది కంతుల్లో కట్టుకుందాం," అంది అక్క. ఇప్పుడు ఇల్లు నడుస్తున్నది ఆమె కుట్టుమిషను మీదే.

"బేరాల్లేని నెల కంతు మీ తాత కడతాడా?" అని బావ, పక్కనే తింటున్న మెకానిక్కు వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బామ్మర్దీ."

మెకానిక్కు పాత కార్లమ్మే షెడ్డులో పనిచేస్తాడు. ఎవరడిగినా చెప్పే మాటే చెప్పాడు. "షోరూం గడప దాటగానే కొత్తదాని ధరలో ఐదో వంతు గాలికి పోతుంది బావా. కొత్త చెప్పు కరుస్తుంది. ఒకడు తొడిగి విడిచింది కరవదు."

"విడిచిన చెప్పుకు మేకులు తేలి ఉంటాయి కదరా," అంది అక్క.

"మేకులు చూడ్డానికి నేను లేనూ?"

ఆ మాటతో తగువు తెగింది.

అదే వారం షెడ్డుకు ఓ తెల్ల కారు వచ్చింది. వరదలో రెండు రోజులు సీట్ల దాకా మునిగిన కారు. షెడ్డు ఓనరు చెప్పినట్టే మెకానిక్కు మూడు రోజులు దాన్ని కడిగాడు. ఒండ్రు గీకాడు, వాసన పోయేదాకా ఎండబెట్టాడు. ఇంజను స్టార్టయింది. కానీ లోపలి వైర్లు తడి తాగేశాయి. అవి చిలుమెక్కి తెగడానికి రెండు మూడు నెలలు చాలు. ఆ తర్వాత దాన్ని బాగుచేసే ఖర్చుకు ఇంకో కారొస్తుంది. ఇలాంటివి పదో పదకొండో కడిగి పంపాడతను. కొన్నవాళ్ల మొహాలు ఏనాడూ చూడలేదు.

శనివారం స్పేరు పార్టుకని బజారుకు వెళ్లి తిరిగొచ్చేసరికి, ఆ తెల్ల కారు స్టీరింగు ముందు బావ కూర్చుని ఉన్నాడు.

"నువ్వొచ్చేదాకా ఆగుదామనే అనుకున్నా. 'మీ బామ్మర్ది మూడ్రోజులు తన చేత్తో చేసిన బండి' అన్నాడు మీ ఓనరు. ఇంకేం చూస్తాం! డబ్బు కట్టేశా, సంతకమూ అయింది."

మెకానిక్కు పార్టు చేతిలో పట్టుకునే ఆఫీసు గదిలోకి పోయాడు. "సార్, ఆయన మా బావ. డబ్బు వెనక్కిచ్చెయ్యండి."

"ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నానని రాసిచ్చాడుగా," అన్నాడు ఓనరు టీ ఊదుకుంటూ. "పోయి చెప్పుకో. కడిగిందెవడంటే ఏమంటావో అది కూడా ఆలోచించుకో."

బయటికొచ్చేసరికి అక్క వచ్చి ఉంది, మెళ్లో కొలతల టేపు తియ్యకుండానే. బావ తాళాల కోసం లోపలికెళ్లాడు. ఆమె ముందు సీట్లో కూర్చుని బెల్టు లాగింది. కుట్టుపని చేసే చెయ్యి అది, గుడ్డను చివరిదాకా చూడందే వదలదు. ఎవరూ లాగనంత చివర, కుట్ల మధ్య గోధుమరంగు గీత కనబడింది. గోటితో గీకింది. పొడిమట్టి రాలింది.

"ఇది నీళ్లలో నానింది కదూ?"

అతను సీటు మీద రాలిన మట్టిని అరచేత్తో దులిపేశాడు.

"నీకు తెలుసు."

"ఓనరు డబ్బు వెనక్కివ్వనన్నాడు. బావ కొంటాడనుకోలేదక్కా."

"ఇంకెవరో కొంటారనుకున్నావు." బెల్టు వదిలేసింది. అది సర్రున లోపలికి పోయింది. "ఆయనకి చెప్పకు. మిల్లు మూసినప్పట్నుంచి నవ్వడం ఇవాళే. బండి ఆగిపోయిననాడు ఎలాగూ తెలుస్తుంది."

బావ తాళాలు ఆడిస్తూ వచ్చాడు. "ఎక్కవయ్యా బామ్మర్దీ! తొలి బేరం నీదే. డబ్బులివ్వక్కర్లేదులే."

మెకానిక్కు వెనక, తను ఎండబెట్టిన సీట్లోనే కూర్చున్నాడు. కారు మెత్తగా కదిలింది.

"ఏమే, ఎక్కడన్నా మేకు గుచ్చుకుంటోందా?" అని నవ్వాడు బావ.

అక్క గోటిలో మట్టి తీసుకుంటూ రోడ్డు వైపే చూస్తోంది.