ముప్పై ఎనిమిది పచ్చ గడులు

కామారెడ్డిలోని ‘పొత్తిలి’ సేవా సంస్థ ఆఫీసుకు ఆ సోమవారం పొద్దున్నే పూలదండలు వచ్చాయి. కడుపుతో ఉన్న ఆడవాళ్ల ఇళ్లకు నెలనెలా నర్సులను పంపడం ఆ సంస్థ పని. ఏడాది మొత్తంలో ఒక్క ఇల్లు కూడా తప్పిపోలేదని కంప్యూటర్ చెప్పింది. కంప్యూటర్ చెప్పాక కాదనే మొనగాడెవరు? మధ్యాహ్నం సన్మానం పెట్టుకున్నారు. ఆ కంప్యూటర్ పద్ధతి అంతా తయారుచేసింది ప్రవళిక కనుక శాలువా ఆమెకే.

పదిన్నరకు ఎల్లారెడ్డి ఊళ్లో పనిచేసే నర్సు సాయిలత ఫోన్ చేసింది.

"ప్రవళికా, సునీల అని ఎవరన్న ఉన్నదా మన దాంట్ల? ఇప్పుడే బస్టాండు కాడ ఒక పిల్ల నా సంచి మీద మన గుర్తు చూసి, ‘నర్సమ్మా, మా ఇంటికి ఎప్పుడొస్తవ్’ అని అడిగింది. మొఖం సున్నం కొట్టినట్టున్నది. పాదాలు ఉబ్బినయ్. పేరు సునీల, పోచారం దిక్కు తండా అన్నది. నేను తేరుకునే లోపల్నే ఆటో కదిలింది. నా లిస్టుల ఆ పేరే లేదు."

"ఉంటదక్కా, సరిగ్గ చూడు," అంటూనే ప్రవళిక పేరు కొట్టింది.

సునీల ఉంది. కానీ కామారెడ్డి పక్క ఊరి లిస్టులో, అత్తగారింటి పేరు మీద ఉంది. ఒంట్లో రక్తం పదకొండు ఉండాల్సింది ఆరే ఉంది. కాన్పుకు ఇంకా తొమ్మిది రోజులే. చివరి గడిలో ‘తల్లిగారింటికి పోయింది’ అని నొక్కి ఉంది. ఆ గడి నిగనిగలాడుతూ పచ్చగా ఉంది.

ఆ మాటను అందులో పెట్టింది ప్రవళికే. తాళం వేసిన ఇంటికి పోయి వస్తే తప్పు తమ మీద పడుతోందని నర్సులు మొత్తుకుంటే, పోనీలే పాపం అని రెండేళ్ల కింద చేర్చింది. అది నొక్కితే గడి పచ్చబడుతుంది, ఆ ఊరి నర్సు పని అయిపోయినట్టే. మరి తల్లిగారి ఊరి నర్సుకు ఎవరు చెప్పాలి? ఎవరి వాకిలి వాళ్లు ఊడ్చుకున్నారు. నడిబజారు ఎవరికీ పట్టలేదు.

"అక్కా, ఇంతకుముందు ఎట్ల తెలిసేది నీకు?"

"చీటీ వచ్చేది గదా! పిల్ల తల్లిగారింటికి పోతే, అత్తగారి ఊరి నర్సు చీటీ రాసి ఎల్లారెడ్డి బస్సు కండక్టర్ చేతిల పెట్టేది. నేను బస్టాండుకు పోయి తీసుకునేదాన్ని. మీ కంప్యూటర్ వచ్చినంక అదే చెప్తది గదా అని బంద్ చేసినం."

ప్రవళిక కంప్యూటర్ తెచ్చి దస్త్రాలు తీసేసింది. దస్త్రాల్లో లేని చీటీ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. చదువుకున్న బుద్ధి అంతే, రాసి ఉన్నదే పని అనుకుంటుంది. అటువంటివి సునీలతో కలిపి ఎన్ని ఉన్నాయో చూసింది. ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ల ఇంటికి పోవాల్సిన పని ఏ నర్సు మీదా లేదు, అన్ని గడులూ పచ్చగానే ఉన్నాయి.

సంస్థ పెద్ద కృష్ణమోహన్ ఆ పేర్ల మీద వేలు పెట్టి కిందిదాకా చదివాడు. "అన్ని పచ్చగనే ఉన్నయ్ గదమ్మా," అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనకుండా, సన్మానం వద్దని చెప్పి కారు తాళం తీసుకున్నాడు.

ప్రవళికా ఆయనా దారిలో సాయిలతను ఎక్కించుకుని తండాకు చేరేసరికి సునీల మంచం మీద ఎగశ్వాసతో ఉంది. తల్లి చంద్రి విసనకర్రతో విసురుతోంది. సాయిలతను చూడగానే ఆమె కోప్పడలేదు, సంబరపడింది. ఆ సంబరం చూస్తుంటే ప్రవళికకు చెంప మీద కొట్టినట్టే అయింది.

"వచ్చినవా నర్సమ్మా! అల్లుని ఊర్ల నర్సమ్మ చెప్పిందమ్మా, ఈడి నర్సమ్మకు కంప్యూటర్ చెప్తది, ఆమెనే ఇంటికొస్తది, మీరు ఫికర్ చేయకుండ్రి అని. రెండు నెలల సంది దినాం దారి చూస్తున్నం. దవాఖానకు పోదామంటే పిల్లనే వద్దన్నది. నర్సమ్మ వచ్చి పోతదేమో అని. నర్సమ్మ ఏడుంటదో అడుగుదామని ఇయ్యాలనే ఎల్లారెడ్డి దాక పోయొచ్చి పడ్డది."

నమ్మినందుకు ఆ పిల్లకు ఈ గతి. అసలు ఏ కంప్యూటరూ లేకపోయి ఉంటే రెండు నెలల కిందటే దవాఖానకు పోయేది.

దవాఖానలో రక్తం ఎక్కించారు. ఇంకో రెండు రోజులు ఆగితే చేతులెత్తేసేవాళ్లమని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. సాయంత్రానికి సునీల కళ్లు తెరిచి నీళ్లడిగింది. చంద్రి ప్రవళిక రెండు చేతులూ పట్టుకుని, "నీ కడుపు చల్లగుండ," అంది. చేతులు విడిపించుకోవడం ప్రవళికకు చేతకాలేదు.

ఆ తర్వాత వరండాలో బల్ల మీద కూర్చుని మిగతా ముప్పై ఏడు పేర్లూ ముందేసుకుంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. జుక్కల్ దగ్గర ఒకామె బాగానే ఉంది. నస్రుల్లాబాద్‌లో ఒకామెకు మొన్ననే కొడుకు పుట్టాడు. ఒక్కో పేరు పక్కన టిక్కు పెడుతుంటే ప్రాణం కుదుటపడుతూ వచ్చింది. దేవుడు గట్టెక్కించాడనుకుంది.

పన్నెండో నంబరు ఒక ముసలమ్మ ఎత్తింది.

"అవ్వా, నేను పొత్తిలి ఆఫీసు నుంచి మాట్లాడుతున్న. మీ మనవరాలు ఎట్లున్నది?"

"నర్సమ్మవా బిడ్డా? ఇప్పుడొస్తున్నవా?" అంది ముసలమ్మ. "కాన్పుల పోయింది బిడ్డా. తొమ్మిదొద్దులాయె. ఎల్లుండి దినాలు. పసిపిల్ల ఉన్నది, డబ్బపాలు పోస్తున్నం. దానికన్న సూదులేస్తరా మీరు? ఎప్పుడొస్తరు చెప్పు, ఇంట్లనే ఉంటం."

ఒళ్లోని కంప్యూటర్‌లో ఆ గడి ఇంకా పచ్చగానే ఉంది.

"ఉన్నవా బిడ్డా?" అని ముసలమ్మ అడుగుతూనే ఉంది. "ఎన్నడొస్తరో చెప్పు. మేము దారి చూస్తుంటం."