మూడో రోజు మర్యాద

పొద్దుటి నుంచీ నిలువుకాళ్ల మీద ఆల్చిప్పలు వలిచి వలిచి మల్‌సన్ వేళ్లు మొద్దుబారిపోయాయి. కోజె దీవిలోని ఆ షెడ్డులో ఎంత తూకమైతే అంత కూలి. అయినా మధ్యాహ్నానికే కత్తి కడిగేసింది. ఇవాళ కొడుకు తేసోక్ సంవత్సరీకం.

పక్కనున్న ముసలామె ఊరుకోలేదు. "లాయరమ్మ వస్తోందిగా! ఇంకా నీకీ కంపెందుకే?"

"అది లాయరయ్యేదాకా ఈ కంపే కదా దాన్ని చదివించాలి," అంది మల్‌సన్.

బుసాన్‌లో లా చదువుతున్న కూతురు హేయిన్ ఇల్లు చేరేసరికి బాబాయి కీబోమ్ వచ్చి కూర్చున్నాడు. ఓడల యార్డులో కాంట్రాక్టు ముఠాకి మేస్త్రీ ఆయన. నిరుడు రంగు ఆవిరి ఇంకా పోని ట్యాంకులోకి తేసోక్‌ని వెల్డింగుకి దింపిందీ ఆయనే. వాడు అందులోనే పోయాడు. పోయినవాడిదే అజాగ్రత్త అంది కంపెనీ. విచారణ జరిగేదాకా శవాన్ని కదలనివ్వొద్దన్నారు తోటి కూలీలు. దహనం మూడో రోజు దాటితే పోయినవాడికి శాంతుండదు, లోకం మొహాన ఉమ్మేస్తుంది అని కీబోమ్ గుండెలు బాదుకున్నాడు. మల్‌సన్ లోకానికి జడిసింది. మూడో రోజున కొడుకు బూడిదయ్యాడు, విచారణా వాడితోనే పోయింది. ఏం మర్యాదండీ ఇది!

"రేపటితో గడువటగా. పరీక్షకి ఏ చట్టం ఎంచుకున్నావే?" అన్నాడు కీబోమ్.

"తేల్చుకోలేదు బాబాయ్."

"తేల్చుకునేదేముంది? పన్నుల చట్టం. కంపెనీ వకీళ్లకి నీ గురించి చెప్పి ఉంచాను. కార్మిక చట్టమా? తలకి ఎర్రగుడ్డ కట్టుకుని రోడ్డున పడతావా? మీ అమ్మ చేతులు చూడు."

హేయిన్ చూసింది. ఆ మాటలో అబద్ధం లేదు.

సాయంత్రం ఫొటో ముందు చేపలు, పళ్లు పెట్టారు. పోయినవాడికని అన్నంగిన్నెలో చెంచా నిలువుగా గుచ్చారు. కీబోమ్ సారాయి సీసా అందుకున్నాడు. "సారాయి గిన్నె పట్టవే, మీ అన్నకి పోస్తాను. పన్నుల చట్టమే చదువుతానని వాడికి చెప్పు. సంతోషిస్తాడు."

పక్కగదిలో ఎవరో దగ్గారు. తేసోక్ దగ్గు. పుస్తకం తెరిస్తే చాలు, ఏడాదిగా హేయిన్‌కి అది వినిపిస్తోంది. ఎవరికీ చెప్పుకోలేదు. ఇవాళ తల్లి కూడా అటే తల తిప్పింది.

"నీకూ వినబడిందా అమ్మా?"

"వినబడని రోజేది?"

హేయిన్ గిన్నె మీద అరచెయ్యి మూసింది. "మీరు పోయకండి బాబాయ్."

"ఏమిటీ?"

"నేను కార్మిక చట్టం చదువుతాను. మొదట మిమ్మల్నే అడుగుతాను. ఆ రోజు ట్యాంకులో గాలి ఆడుతోందో లేదో ఎవరు చూశారు?"

కీబోమ్ మొహం పాలిపోయింది. "వదినా, విన్నావా దీని పొగరు! బుద్ధి చెప్పు!"

మల్‌సన్ లేచింది. కొడుకు ఫొటో ముందు మోకరిల్లి నుదురు నేలకి ఆనించింది. పోయిన చిన్నవాళ్లకి పెద్దలు మొక్కడం ఆ దీవిలో ఎక్కడా లేదు.

"తల్లి కొడుక్కి మొక్కుతుందా! లే వదినా, లోకం ఏమనుకుంటుంది!"

ఆమె లేవలేదు. నేలకేసే చెప్పింది. "అదే చదవవే తల్లీ. అదే చదువు."